ఫ్లాటు కింది నేల

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఫ్లాటు కొనేవారు నిజానికి ఒక పాత ఇంటి జాగాలోనో, ఒకప్పటి వరి మడిలోనో కొన్ని గజాల వాటా కొంటున్నారు. గోడలు, గచ్చు, లిఫ్టు అన్నీ ఆ వాటా మీద నిలబెట్టిన కట్టడం మాత్రమే. కట్టడం ఏటేటా పాతబడుతుంది, నేల మాత్రం పాతబడదు. అందుచేత ఆ నేల ఎవరిది, ఏ కాగితాల మీదుగా చేతులు మారింది, అంతకుముందు దాని మీద ఎవరు బతికారు అన్న మూడు ప్రశ్నలే ఈ ప్రసంగానికి విషయం.

పట్టణంలోని పాత పేటలు రూపు మారి, తక్కువ రాబడి గల కుటుంబాలు ఉన్నచోట స్థితిపరులు వచ్చి చేరడాన్ని సమాజశాస్త్రంలో జెంట్రిఫికేషన్ అంటారు. 1964లో రూత్ గ్లాస్ అనే పరిశోధకురాలు లండన్ నగరంలోని మార్పులను వివరిస్తూ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. కార్మికులు అద్దెకున్న పాత ఇళ్ళను మధ్యతరగతివారు ఒక్కొక్కటిగా కొని, బాగుచేయించుకొని, అందులో కాపురం పెట్టగా కొన్నేళ్ళకు ఆ పేట స్వభావమే మారిపోయిందని ఆమె గమనించారు. తెలుగులో దీనికి స్థిరపడిన పారిభాషిక పదం లేదు గనుక ఇక్కడ దీనిని పేట మారడం అనే అనుకోవచ్చు. అయితే లండన్‌కూ సూర్యాపేటకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ ఇల్లు నిలిచింది, మనుషులు మారారు. ఇక్కడ ఇల్లే కూలుతుంది, దాని యజమాని మాత్రం చాలాసార్లు అదే జాగాలో నాలుగైదు ఫ్లాట్లకు యజమానిగా మిగులుతాడు. సామాను సర్దుకొని వెళ్ళేది అద్దెకున్న కుటుంబం.

ఈ మూడు పట్టణాల్లో నేల విలువ పెరగడానికి మూలం ఒకటి కాదు. మిర్యాలగూడకు ఆ మూలం నీరు. 1955 డిసెంబరు 10న నందికొండ వద్ద శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలిన తరువాత, లాల్ బహదూర్ కాలువ అనే పేరున్న ఎడమ కాలువ కింద మెట్ట చేలు వరి మళ్ళయ్యాయి. వరి వచ్చిన చోటికి మిల్లులు వచ్చాయి. బీబీనగర్–నడికుడి రైలు మార్గం కూడా ఊరి మీదుగానే పోవడంతో బియ్యం ఎగుమతికి దారి దొరికి, మిర్యాలగూడ రాష్ట్రంలోనే పేరెన్నికగన్న బియ్యపు మిల్లుల కేంద్రమైంది. ధాన్యం మీద వచ్చిన డబ్బు ముందు మిల్లులోకి, తరువాత ఇంటి స్థలాల్లోకి వెళ్ళింది. ఇటీవలి కాలంలో దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రం రావడంతో అద్దె ఇళ్ళ కోసం వెతికే ఉద్యోగులు కూడా పట్టణానికి తోడయ్యారు.

కోదాడకు, సూర్యాపేటకు నేటికీ రైలు లేదు. వాటిని పెంచింది రోడ్డు. హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే పాత దారి, తరువాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదో నంబరు రహదారి ఈ రెండు పట్టణాలనూ తాకుతూ పోతుంది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక కోదాడ సరిహద్దు పట్టణమైంది. సాగర్ ఆయకట్టు రాబడి, మేళ్ళచెరువు, మట్టంపల్లి చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, విదేశాల్లో స్థిరపడిన పిల్లలు పంపే సొమ్ము కలిసి అక్కడి స్థలాల గిరాకీని నిలబెట్టాయి. భానుపురి అనే పాత పేరున్న సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కలెక్టరేటు ఉద్యోగులు, డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు బదిలీల మీద వచ్చిపోయేవారు గనుక, వారు విడి ఇంటికంటే వాచ్‌మన్, లిఫ్టు, బండి పెట్టుకునే చోటు ఉన్న ఫ్లాటునే అడుగుతారు. అపార్ట్‌మెంటు అనే ఇంటి రూపం ఈ పట్టణాలకు వచ్చిన తీరు ఇది.

ఆ అపార్ట్‌మెంటు లేచే చోట అంతకుముందు ఉన్న ఇంటిని ఒకసారి దగ్గరగా చూడడం అవసరం. మట్టిగోడల మీద దూలాలు, వాసాలు, పైన గూన పెంకలు; నడుమ ఆకాశం కనిపించేట్టు వదిలిన భవంతి, దాని చుట్టూ నాలుగు సాయబాన్లు, ఒక మూల రోలు, మరో మూల గోలెం; వీధి వైపు ఇరుపక్కలా అరుగులున్న పెద్ద దర్వాజ. వీధి వైపు గదుల్లో ఒకటి దర్జీకి, మరొకటి కిరాణా కొట్టుకు, వెనుక భాగం రెండు మూడు కుటుంబాలకు అద్దెకిచ్చి ఉండేది. ఇంటి పెద్ద ఉన్నంతకాలం అది ఒకే ఇల్లు. ఆయన పోయాక అన్నదమ్ములు నడుమ గోడ పెట్టుకున్నారు, భవంతి రెండు ముక్కలైంది, వానాకాలంలో ఎవరి వైపు పెంకలు ఎవరు మార్పించాలన్నది తేలక కురుస్తూ ఉండిపోయింది. బిల్డర్ అడుగు పెట్టేది సరిగ్గా ఆ దశలోనే.

ఇటువంటి స్థలాలు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. గ్రామకంఠం అంటే పూర్వం ఊరి నివాసాల కోసం విడిచిన నేల. దానికి సాగు భూమికి ఉన్నట్టు పట్టా పాసుపుస్తకం ఉండదు. ఇంటి నంబరు, పురపాలక సంఘం పన్ను రసీదులు, కుటుంబంలో రాసుకున్న పంపకాల కాగితం, ఇవే ఆధారాలు. కొనేవారు ఎక్కువగా తడబడేదీ, న్యాయవాదులు కూడా కొన్నిసార్లు తేలిగ్గా దాటిపోయేదీ ఈ పంపకాల కాగితం దగ్గరే. ఆ కాగితం మీద అన్నదమ్ముల సంతకాలుంటాయి, అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉండవు. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇవ్వవలసింది ఇచ్చేశామనే మాట నోటితోనే ఉంటుంది.

చట్టం ఆ మాటను ఒప్పుకోదు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలై, ఆనాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా, పుట్టుకతో వచ్చే హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చిన కేంద్ర సవరణ, పెళ్ళితో నిమిత్తం లేకుండా ఆ హక్కును దేశమంతటికీ విస్తరించింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండి తీరాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. హక్కు పుట్టుకతో వచ్చేది గనుక అట్లాంటి నిబంధన లేదని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలనూ, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలనూ మాత్రం చట్టం కదపదు. కాబట్టి పాత ఇంటి స్థలంలో లేచిన అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనేవారు ఇంటి పెద్ద సంతానమంతా ఎవరో తెలిపే వంశవృక్షం అడగాలి. ఆడపిల్లలందరూ ఒప్పందంలో చేరారా, లేక రిజిస్టరైన విడుదల దస్తావేజు రాసిచ్చారా అన్నది చూడాలి. ఇది కొనేవారి క్షేమం కోసం మాత్రమే చెప్పే మాట కాదు. ఒక ఆడపడుచుకు న్యాయంగా రావలసిన వాటాను నొక్కిపెట్టి కట్టిన ఇంట్లో మరొక కుటుంబం తెలియక గృహప్రవేశం చేయడం రెండు వైపులా అన్యాయం.

స్థల యజమానులకు, బిల్డర్‌కు నడుమ కుదిరేదాన్ని డెవలప్‌మెంట్ అగ్రిమెంటు అంటారు. యజమాని నేల ఇస్తాడు, బిల్డర్ పెట్టుబడి పెట్టి కడతాడు, తయారైన ఫ్లాట్లను ఇద్దరూ ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. బిల్డర్ తన వాటా అమ్ముకోవడానికి వీలుగా యజమాని అందులోనే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ), అంటే తన తరఫున సంతకం చేసే అధికారం ఇస్తాడు. ఏ అంతస్తులో ఏ నంబరు ఫ్లాటు ఎవరిదన్నది ఆ తరువాత రాసుకునే అనుబంధ ఒప్పందంలో ఉంటుంది. బిల్డర్ నుంచి కొనేవారు తాము చూసిన ఫ్లాటు అతని వాటాలోనే పడిందా అన్నది ఆ రెండో కాగితంలో వెతకాలి. కేవలం జీపీఏ మీద జరిగే అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నిజమైన డెవలప్‌మెంట్ ఒప్పందాలను మాత్రం ఆ తీర్పు తప్పు పట్టలేదు.

ఇక అవిభక్త వాటా. అపార్ట్‌మెంటు నిలిచిన స్థలాన్ని గీత గీసి పంచడం సాధ్యం కాదు గనుక, ప్రతి ఫ్లాటుకూ ఆ నేలలో ఇన్ని గజాలని విడదీయని వాటా రాస్తారు. గుంటకు 121 గజాల లెక్కన 5 గుంటల జాగా 605 గజాలు. దాని మీద సమానమైన 15 ఫ్లాట్లు లేస్తే ఒక్కొక్కదానికి 40 గజాల పైచిలుకు, 20 లేస్తే 30 గజాల పైచిలుకు వస్తుంది. అమ్మేవారు గదుల సంఖ్య, టైల్స్ రకం చెప్తారు, ఈ అంకె చెప్పరు. నలభై యాభై ఏళ్ళకు భవనం పడగొట్టి మళ్ళీ కట్టవలసి వచ్చిన రోజున ఫ్లాటు యజమాని చేతిలో మిగిలేది ఆ గజాలే. రోడ్డు వెడల్పు కోసం స్థలంలో కొంత పురపాలక సంఘానికి అప్పగించి ఉంటే, అది పోగా మిగిలిన నేల మీదనే వాటాలు లెక్కగట్టారా అన్నదీ చూసుకోవాలి. అన్ని ఫ్లాట్ల వాటాలను కూడితే మొత్తం నేలకు సరిపోవాలి.

ఊరి అంచున, కాలువ నీటితో నిన్నటిదాకా పండిన పొలంలో లేచే అపార్ట్‌మెంట్ల కథ వేరు. అక్కడ మూలం పహాణీ. పహాణీ అంటే సర్వే నంబరు వారీగా భూమి ఎవరి పేర ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది ఏటేటా రాసే రెవెన్యూ లెక్క; తెలంగాణలో 1954–55 నాటి ఖాస్రా పహాణీని ఆధారంగా చూడడం ఆనవాయితీ. అందులో ఆ సర్వే నంబరు శిఖం అని, అంటే చెరువు కింద మునిగే నేలగా నమోదై ఉంటే, ఇవాళ దాని మీద ఎంత చక్కటి భవనం ఉన్నా ఆ నేల చెరువుదే. అసైన్డ్ భూమి, అంటే పేదలకు సర్కారు పంచిన భూమి, 1977 నాటి చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేనిది. వక్ఫ్, దేవాలయ భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే ఈ జాబితాను చూడకుండా బయానా ఇవ్వడం ప్రమాదం. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాతో నడుమ ఒక చేయి మారి ఉంటే, అది క్రమబద్ధమైందో లేదో తేల్చుకోవాలి. సాగు భూమిని ఇంటి స్థలంగా మార్చే అనుమతిని వాడుకలో నాలా అంటారు. దాని తరువాత లేఅవుటు అనుమతి. అనుమతి లేని వెంచర్లు, అంటే పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మిన లేఅవుట్లు, ఎంతగా పెరిగాయో 2020 ఆగస్టు 31న ప్రభుత్వం వాటి క్రమబద్ధీకరణకు పథకం ప్రకటించవలసి రావడాన్ని బట్టే తెలుస్తుంది.

కొనేవారి రక్షణ కోసం 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టాన్ని వాడుకలో రెరా అంటారు. దాని ప్రకారం ప్రాజెక్టును రాష్ట్ర నియంత్రణ సంస్థ వద్ద నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వరాదు, అమ్మరాదు. కొనేవారి నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని విడి ఖాతాలో ఉంచి నిర్మాణానికీ స్థలానికీ మాత్రమే ఖర్చు చేయాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. అప్పగించిన అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు అన్న పరిమితులకు లోబడిన చిన్న నిర్మాణాలకు చట్టం మూడో సెక్షన్ నమోదు నుంచి మినహాయింపు ఇచ్చింది. చిన్న పట్టణాలకు ఈ పరిమితి చాలా కీలకమైనది. 5 గుంటల జాగా 505 చదరపు మీటర్లు దాటుతుంది, 4 గుంటలు 405 లోపే ఆగిపోతుంది. ఒక పాత భవంతి ఇంటి స్థలం తరచు ఈ రెండు అంకెల నడుమనే ఉంటుంది. హైదరాబాదులో పెద్ద ప్రాజెక్టులో కొనేవారికి అడగకుండానే దొరికే రక్షణ, కోదాడలో ఒక సందులో కొనేవారికి అడిగి తేల్చుకోవలసిన విషయం అవుతుంది. చట్టం ఎక్కువగా అవసరమైన చోటే దాని నీడ పలచబడడం విచారకరం.

విస్తీర్ణం విషయంలోనూ ఇదే చట్టం ఒక మాటను స్థిరపరచింది. కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ, టెర్రస్ కలపకుండా, లోపలి అడ్డుగోడలు కలుపుకొని, ఇంట్లో వాడుకునే నేల. మెట్లు, లిఫ్టు, వసారాల వాటాను కూడా కలిపి 1200 అడుగులని చెప్పే ఫ్లాటులో చాప పరుచుకోగల చోటు అంతకన్నా వందల అడుగులు తక్కువ ఉంటుంది. మరొక సంగతి, 2012 నాటి భవన నిబంధనలు, అంటే జీవో 168, నిర్మాణం ప్లానుకు అనుగుణంగా సాగుతుందనే హామీగా నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని పురపాలక సంస్థకు అప్పగించి ఉంచాలన్నాయి. వాడుకలో వీటిని మార్ట్‌గేజ్ ఫ్లాట్లంటారు. నివాసయోగ్య పత్రం, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి అవి విడుదలయ్యేదాకా వాటిని కొనకూడదు. మిగతావాటికంటే కొంచెం తక్కువ ధరకు ఒక ఫ్లాటు దొరుకుతోందంటే, అది మార్ట్‌గేజ్ ఫ్లాటా అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.

ఖర్చు లెక్కలో ధర ఒక్కటే చాలదు. తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ సుంకాలు కలిపి 2021 జూలైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. కడుతుండగా కొనే ఫ్లాటుకు 2019 ఏప్రిల్ నుంచి జీఎస్టీ 5 శాతం. 45 లక్షల ధరకు, ఇటువంటి పట్టణాల్లో 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాకు మించనిదైతే 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అసలు ఉండదు.

కాగితాల తరువాత నీరు. ఉమ్మడి నల్గొండ జిల్లా భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అపార్ట్‌మెంటులో వాడుకకు వచ్చేది ఎక్కువగా బోరు నీరే. కొనేముందు ఆ నీటిని సీసాలో పట్టి పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు స్వల్పం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీరు తాగడానికీ వంటకూ పనికిరాదు. కాలువ ఆయకట్టులో మరో చిక్కు ఉంది. నల్లరేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నీరు నిలిచిన మళ్ళను మొరం పోసి చదును చేసి, పునాది లోతు సరిచూడకుండా లేపిన కట్టడానికి రెండు మూడు ఎండాకాలాలు తిరిగేసరికి గోడల మూలల్లో ఏటవాలు పగుళ్ళు కనిపిస్తాయి. మట్టి పరీక్ష నివేదిక అడిగే కొనుగోలుదారు అరుదు. అడిగినంత మాత్రాన అగౌరవంగా భావించవలసిన పని బిల్డర్‌కూ లేదు.

ఇంతవరకు చెప్పిన కాగితాల్లో ఎక్కడా కనిపించని వారు కొందరున్నారు. వీధి గదిలోని దర్జీ, వెనుక సాయబానులో ఉండి ఇళ్ళల్లో పాచిపని చేసుకునే ఇల్లాలు, మిల్లులో బస్తాలు మోసే హమాలీ, పరీక్షలకు చదువుకుంటూ గది పంచుకున్న పల్లెటూరి పిల్లలు. పంపకాల కాగితంలో వారి పేరు లేదు, డెవలప్‌మెంట్ ఒప్పందంలో వారికి వాటా లేదు. ఇల్లు పడగొట్టే ముందు రెండు మూడు నెలల గడువు మాట మీద దొరికితే దొరికినట్టు. కొత్త ఫ్లాట్ల అద్దె వారికి అందదు. వారు ఊరి చివరి కాలనీలకు చేరతారు, పొద్దున్నే అదే పేటకు పనికి వస్తారు, ఆ రాకపోకల ఆటో ఖర్చు వారి కూలిలోంచే పోతుంది. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల రూపాయలు ఇస్తుంది. మేలైన పథకమే, కానీ అద్దె ఇంటి నుంచి లేచినవారికి లేనిదే ఆ జాగా. పేట మారడం గురించి రూత్ గ్లాస్ లండన్‌లో రాసింది ప్రధానంగా ఇటువంటి వారి గురించే. ఫ్లాటు కొనే మధ్యతరగతి కుటుంబం ఈ పరిస్థితికి కారణం కాదు, అయినా దర్జీ కొట్టుకు కింది అంతస్తులో ఒక మడిగె అద్దెకివ్వాలని స్థల యజమానిని అడగడం, పనివారికి నీళ్ళూ మరుగుదొడ్డీ ఉండేట్టు ఓనర్స్ అసోసియేషన్‌లో పట్టుబట్టడం వంటివి ఆ కుటుంబం చేతిలో ఉన్నవే.

చివరగా, రిజిస్ట్రేషన్ రోజున కొనేవారు తప్పక చదవవలసిన పేజీ ఒకటి ఉంది. అది దస్తావేజు చివర ఉండే షెడ్యూలు, అంటే కొంటున్న ఆస్తికీ, అది నిలిచిన స్థలానికీ విడివిడిగా నాలుగు దిక్కుల హద్దులు రాసే చోటు. ఫ్లాటు హద్దులు సులువు: తూర్పున వసారా, పడమర ఖాళీ ఆకాశం, ఉత్తరాన మెట్లు, దక్షిణాన పక్క నంబరు ఫ్లాటు. స్థలం హద్దులు మాత్రం తరచు పాత లింకు దస్తావేజులోంచి, అంటే ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పత్రంలోంచి, ఉన్నదున్నట్టు దింపుకుంటారు. అందువల్ల ఉత్తరాన ఫలానావారి పెంకుటిల్లు అని, దక్షిణాన ఫలానావారి పశువుల కొట్టం అని, పడమర నీటి కాలువ అని రాసి ఉంటుంది. పెంకుటిల్లు పోయి ఆసుపత్రి వచ్చింది, కొట్టం పోయి ఫంక్షన్ హాలు వచ్చింది, పంట కాలువ మీద బండలు కప్పి దారి చేశారు. కొనేవారు ఆ పేజీని చేతపట్టుకొని, టేపు పట్టే సర్వేయరును వెంటబెట్టుకొని, ఎండ ముదరకముందే ఆ స్థలం చుట్టూ ఒకసారి నడవాలి; ఆ పెంకుటిల్లు ఎక్కడిదాకా ఉండేదో, కాలువ ఎటు పారేదో చూపించగల ముసలివారు ఆ వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉంటారు.